తెల్లసొన

గిన్నె అంచుకు గుడ్డును ఒక్కసారి తట్టి, రెండు బొటనవేళ్ళతో పెంకు విప్పి, సొనను ఈ చిప్పలోంచి ఆ చిప్పలోకి, ఆ చిప్పలోంచి ఈ చిప్పలోకి మారుస్తుంటే తెల్లసొన దానంతటదే జారి కిందనున్న బకెట్లో పడుతుంది. మిగిలిన పచ్చసొనను ఎడమపక్క స్టీలు గిన్నెలోకి వదలాలి. పెంకును వెనక్కి చూడకుండా గోనెసంచిలోకి విసరాలి. ఈలోగా కుడిచెయ్యి మరో గుడ్డు అందుకుని ఉండాలి. ఇందులో ఎక్కడా ఆలోచించాల్సిన పని లేదు. ఆలోచిస్తేనే పాడవుతుంది.

బేకరీలో పిండి కలిపేవాణ్ణి పిండిమాస్టరు అంటారు. పొయ్యి చూసేవాణ్ణి పొయ్యిమాస్టరు అంటారు. గుడ్లు కొట్టేవాణ్ణి మాస్టరు అనడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. ఎప్పుడో ఎవరో వేళాకోళానికి సొనయ్య అన్నారు. అదే అంటుకుపోయింది. జీతాలిచ్చే రోజున గుమాస్తా అసలు పేరు పెట్టి పిలిస్తే, ఎవర్నబ్బా అన్నట్టు అతనే ఒకసారి పక్కకి చూస్తాడు.

గుడ్ల గది పొయ్యి వెనకాల ఉంది. కిటికీ లేదు. గోడ అవతల మంట, గోడ ఇవతల చెమట. నేల ఎప్పుడూ జిగటగా ఉంటుంది కాబట్టి రబ్బరు చెప్పుల అడుగున సైకిలు ట్యూబు ముక్కలు అతికించుకున్నాడు. యాభై దాటిన మనిషి. నిలబడీ నిలబడీ పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి తాళ్ళలా మెలికలు తిరిగాయి. చేతుల సంగతి చెప్పనే అక్కర్లేదు. వేళ్ళ సందుల్లో తోలు పాలిపోయి, నానిన కాగితంలా పొరలు పొరలుగా లేస్తుంది. ఏ సబ్బుతో తోమినా పోని నీచు వాసన ఒకటి ఆ చేతుల్లో కాపురం పెట్టేసింది.

అతనికున్న గొప్ప ఒక్కటే. తెల్లసొనలో పచ్చ నలుసు పడనివ్వడు.

"ఆ బకెట్లో ఎప్పుడైనా పచ్చ చుక్క కనబడితే నా పేరు మార్చెయ్యండి," అనేవాడు.

"ఏ పేరు మార్చాలి? సొనయ్యనా?" అని నవ్వేవాడు పొయ్యిమాస్టరు. "అయినా మోరీలో పారబోసేదానికి అంత శుద్ధి ఎందుకయ్యా?"

నిజమే. క్రీముకు రంగు రావాలన్నా, కేకు నోట్లో కరగాలన్నా పచ్చసొన కావాలి. తెల్లసొనలో కాస్తంత పైపూతకి తీసుకుంటారు. తక్కినదంతా మోరీలోకే. ఇన్నేళ్ళూ అలాగే పోయింది. కిందటేడాది అత్తగారికి కడుపునొప్పి వచ్చేదాకా, ఆ తెల్లటి జిగురులో ఒక మనిషి ప్రాణం ఉంటుందని సొనయ్యకూ తెలియదు.

అత్తగారంటే చచ్చిపోయిన పెళ్ళానికి తల్లి. ఒకప్పుడు ఆవిడ ఈ పెళ్ళే వద్దంది. "నీచు కంపు కొట్టేవాడి పక్కన నా పిల్ల ఎలా పడుకుంటుంది?" అని నలుగురిలో అడిగేసింది. పిల్ల మాత్రం ఆ కంపుతోనే పద్దెనిమిదేళ్ళు సుఖంగా కాపురం చేసి, ఒక వానాకాలం జ్వరానికి చటుక్కున పోయింది. పిల్లలు లేరు. ఆ తర్వాత చాలాకాలం అత్తా అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఒకరోజు బావమరిది కారులో తల్లినీ, ఆవిడ పెట్టెనీ తెచ్చి దింపాడు.

"ఇంట్లో మరమ్మతులు చేయిస్తున్నాం బావా. దుమ్ము అమ్మకి పడదు. కొన్నాళ్ళు నీ దగ్గర ఉంటుంది."

ఆ మరమ్మతులు నాలుగేళ్ళయినా తెమల్లేదు. ఆ లెక్కన ఈపాటికి ఆ ఇల్లు కోట అయిపోయి ఉండాలి.

అత్తగారు అతనితో నేరుగా మాట్లాడేది కాదు. గోడకో, తలుపుకో చెప్పేది. "మంచినీళ్ళు అయిపోయినట్టున్నాయి," అనేది తలుపుతో. సొనయ్య లేచి కుండ నింపేవాడు. అలా ఇద్దరి మధ్యా తలుపు ఈ నాలుగేళ్ళూ చాకిరీ చేసింది.

కిందటేడాది ఆవిడ పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోతే పెద్దాసుపత్రిలో చేర్చాడు. క్లోమం వాచిందన్నారు. రెండు వారాలకి ఇంటికి తెచ్చేసరికి మనిషి సగమయింది. తొడల మీద కండ కరిగి, తోలు ఖాళీ సంచిలా వేలాడేది. వీధి చివరి క్లినిక్కులో ఉండే డాక్టరమ్మ పరీక్ష చేసి, చెప్పాల్సింది ముక్కుసూటిగా చెప్పింది.

"కొవ్వు ఈవిడకి విషం అనుకోండి. నూనె, వెన్న, మీగడ వాసన కూడా తగలకూడదు. ఇంకోసారి అలా నొప్పొస్తే నేను హామీ ఇవ్వలేను. కానీ కండ పట్టాలి. ప్రోటీన్ బాగా పెట్టండి."

"అంటే ఏం పెట్టమంటారమ్మా?"

"ఖరీదైనవేం అక్కర్లేదు. వెన్న తీసిన పాలు, తోలు తీసిన కోడి రొమ్ముముక్క, చిన్న చేపలు, ఉడికించిన గింజలు. గుడ్లయితే తెల్లసొన మాత్రమే. తేలిగ్గా దొరుకుతాయి, తేలిగ్గా అరుగుతాయి."

గుడ్లన్న మాట వినగానే సొనయ్యకి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు.

ఆ రోజునుంచీ బకెట్లోంచి ఓ క్యాను నింపుకుని వెళ్ళడం మొదలెట్టాడు. యజమాని చూశాడు. "పారబోసేదేగా, పట్టుకుపో," అన్నాడు. సొనయ్య దాన్ని గిన్నెలో పోసి, చిటికెడు ఉప్పు, మిరియాల పొడి చల్లి, ఆవిరి మీద ఉడికించేవాడు. ముట్టుకుంటే వణికే తెల్లటి ముద్ద తయారయ్యేది. కోడిముక్క దొరికిన రోజున ఉడికించి, ఆ నీళ్ళు చల్లారబెట్టి, పైన తేలిన కొవ్వును కాగితంతో అద్ది అద్ది తీసేవాడు. వెన్న తీసిన పాలను తోడుపెట్టి గుడ్డలో వేలాడదీసేవాడు. జీవితంలో తనకోసం టీ తప్ప మరోటి కాచుకోని మనిషి, అత్తగారి కోసం వంటగాడయ్యాడు.

అత్తగారు మెచ్చుకుందా అంటే, అదీ లేదు. "తడిగుడ్డ నమిలినట్టుంది," అనేది తలుపుతో, పెట్టుడుపళ్ళు సర్దుకుంటూ. "ఇంకో నెల ఇదే పెడితే ఈకలు మొలుస్తాయి."

"మొలిస్తే ఎగిరి కొడుకింటికి పోదువుగానిలే అత్తయ్యా. గిన్నె ఖాళీ చెయ్యి," అనేవాడు.

ఆవిడ తిట్టుకుంటూనే ఖాళీ చేసేది. ఈకలు మొలవలేదుగాని కండ మొలిచింది. మంచం దిగింది. గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. మొన్నమొన్ననే గోడ వదిలేసి, వీధిలోకి తొంగిచూసి, పక్కింటావిడతో దెబ్బలాడి కూడా వచ్చింది. ఆ దెబ్బలాట గొంతు విన్నప్పుడు సొనయ్యకి ఒళ్ళు పులకరించింది. తను చేసిన పని ఒకటి లోకంలో నిలబడి మాట్లాడటం అదే మొదటిసారి.

ఆ ఆదివారం ఆర్డర్లు ఎక్కువ. బకెట్టు నిండేసరికి సూర్యుడు బాగా పైకి వచ్చాడు. సొనయ్య నడుం పట్టుకుని వంగి క్యాను మూత తీస్తుండగా, యజమాని లోపలికి వచ్చాడు. వెనకాలే ఒంటికి అతుక్కున్న చొక్కా వేసుకున్న కండల కుర్రాడు. ఎదురువీధిలో కొత్తగా తెరిచిన జిమ్ములో కసరత్తులు నేర్పేవాడు. అతని చెయ్యి సొనయ్య తొడంత ఉంది.

"ఇదేనా సార్?" అని కుర్రాడు బకెట్లోకి వంగి చూశాడు. "అబ్బ! ఎంత శుభ్రంగా ఉందో. ఒక్క పసుపు చుక్క లేదు."

"మావాడి చెయ్యి అలాంటిది," అన్నాడు యజమాని, ఇన్నేళ్ళలో మొదటిసారి. తర్వాత సొనయ్య చేతిలో క్యాను చూసి గొంతు సవరించుకున్నాడు. "ఇదిగో సొనయ్యా, ఇకనుంచీ దీన్ని సీసాల్లో పడుతున్నాం. జిమ్ముకి పోతుంది. బయటికి తీయకు."

"ఒక్క గిన్నెడు సార్. ఇంట్లో ముసలావిడకి. తమరికి తెలుసుగా."

"తెలుసయ్యా. నిన్నటిదాకా పారబోసేది అడిగావు, ఇచ్చాను. ఇవాళ అమ్మే సరుకు అడుగుతున్నావు."

"కావాలంటే జీతంలో..."

"నీకిస్తే పొయ్యిమాస్టరు అడుగుతాడు. ఆ తర్వాత పిండిమాస్టరు. నేను కొట్టు నడపాలా, సత్రం నడపాలా?"

కుర్రాడు మంచివాడే. సొనయ్య మొహం చూసి నొచ్చుకున్నాడు. "పెద్దావిడకి ప్రోటీన్ కావాలా అంకుల్? చికెన్ బ్రెస్టు పెట్టండి, స్కిమ్ము పాలు పట్టండి. లేదంటే డబ్బా పౌడరు వస్తుంది, పొద్దున్నో స్కూపు, సాయంత్రమో స్కూపు. సింపులు."

"అలాగే బాబూ," అన్నాడు సొనయ్య.

ఖాళీ క్యాను చంకలో పెట్టుకుని వీధిలోకి వచ్చాడు. పాలకేంద్రంలో వెన్న తీసిన పాలు అడిగితే, కౌంటరు వెనకున్న అమ్మాయి చెయ్యి తిప్పింది. "పొద్దున్నే అయిపోతున్నాయి అంకుల్. ఒకప్పుడు కుక్కలకి పోసేవాళ్ళం. ఇప్పుడు జిమ్ము వాళ్ళు తెల్లారకముందే వచ్చి నిలబడుతున్నారు."

మాంసం కొట్టులో రొమ్ముముక్క లేదు. ఉన్నదంతా ముందే చెప్పి పెట్టుకున్నారట. "నీలాంటివాళ్ళు నలుగురు తప్ప ఎవడూ అడిగేవాడు కాదు దీన్ని," అన్నాడు కొట్టువాడు కత్తి తుడుచుకుంటూ. "పీచు, పిప్పి అనేవాళ్ళు. ఇప్పుడు ఊరంతా అదే కావాలంటుంది. తొడముక్క ఇవ్వనా? కొవ్వుంటుంది, రుచిగా ఉంటుంది."

"కొవ్వొద్దు."

"నీక్కూడానా!" అని నవ్వాడు కొట్టువాడు, సొనయ్య బక్క ఒంటిని ఎగాదిగా చూసి.

సొనయ్యకి కోపం రాలేదు. ఎవరూ ముట్టనివి కాబట్టే కదా ఇవి తనవరకూ వచ్చాయి. మోరీకి పోయేదీ, కుక్కలకి పోసేదీ, పిప్పి అని పక్కన పెట్టేదీ. వాటిమీద కూడా కన్ను పడ్డాక తనలాంటివాడు ఇంకెక్కడ వెతుక్కోవాలి? కోడిగుడ్లు పెంకుతో కొని పచ్చసొన పారేద్దామా అనుకున్నాడు. కొనగలడు, ఒకరోజు, రెండ్రోజులు. ఏడాది పొడుగునా ఎలా?

వంతెన అవతల చేపల బజారుందని గుర్తొచ్చింది. పాదాలు మండుతున్నా అటు నడిచాడు. బజారు ముగింపుకొచ్చింది. ఒక ముసలమ్మ తడిగోనె కింద మిగిలిన చిన్న చేపలు పోగుపెట్టుకుని కూర్చుంది. తెల్లటి కండ, పల్చటి పొట్ట. పట్టుకుని చూశాడు. కొవ్వు లేదు.

"ముళ్ళు ఎక్కువయ్యా. ఓపికుంటే తీసుకో," అంది ముసలమ్మ.

"ఓపికే ఉంది," అన్నాడు సొనయ్య.

అక్కడే మెట్ల మీద కూర్చుని, ఆవిడ కత్తి అడిగి, ఒక్కొక్క చేపనీ చీల్చి, ముళ్ళు లాగి, వేలుపెట్టి తడిమి చూసుకున్నాడు. పల్చటి ముక్కలు ఆకులో చుట్టుకున్నాడు. ఆవిరి పట్టి, నిమ్మరసం పిండి పెడదాం, కనీసం ఒకపూట తిట్లు మారతాయి, అనుకున్నాడు. ఎండ వాలిపోయింది. ఇంటికి వెళ్ళేసరికి మామూలుకన్నా బాగా ఆలస్యమైంది.

అతని ఇల్లు పొడుగాటి వరసలో ఒక గది, ఒక వంటిల్లు. తలుపు తీసి ఉంది. అత్తగారు మంచం మీద దిండుకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, మంచి బట్టలు కట్టుకుని కూర్చుంది. మొహం వెలిగిపోతోంది. పెదవి పక్కన గులాబీరంగు క్రీము అంటుకుని ఉంది. ఒళ్ళో అట్టపెట్టె. దానిమీద తను రోజూ చూసే బొమ్మే, తను పనిచేసే బేకరీ గుర్తు.

సొనయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మా అబ్బాయి వచ్చాడు," అంది ఆవిడ. తలుపుతో కాదు. తిన్నగా అతనితోనే. చెప్పుకోవడానికి మరెవరూ లేరు మరి. "ఇప్పుడే వెళ్ళాడు. నువ్వొస్తావేమోనని చాలాసేపు చూశాడు. నీ పేరు చెబితే తగ్గించి ఇచ్చారట కేకు. ఎంత మెత్తగా ఉందో! వాడే ముక్కలు చేసి నోట్లో పెట్టాడు. చిన్నప్పుడు వాడికి నేను పెట్టినట్టు."

పెట్టెలో సగం ఖాళీ. మిగిలిన సగంలో వెన్న పూత చెమరుస్తోంది. కోసినచోట పసుపుపచ్చటి రంగు. ఆ రంగు ఎక్కడినుంచి వచ్చిందో సొనయ్యకి తెలుసు. పొద్దున తన బొటనవేళ్ళ మధ్యనుంచి వచ్చింది.

"నీ కొడుక్కి తెలుసుగా అత్తయ్యా, డాక్టరమ్మ ఏం చెప్పిందో. ఫోన్లో నేనే చెప్పాను."

"ఒక్కరోజుకి ఏం కాదులే అమ్మా అన్నాడు. వాడు తెచ్చింది వద్దంటానా? ఎన్నాళ్ళకి వచ్చాడు! ఇంటి పని అయిపోవచ్చిందట. తీసుకెళ్తానన్నాడు."

సొనయ్య ఆకుపొట్లం వంటింటి గట్టుమీద పెట్టాడు. పెట్టె తీసి అవతల పెట్టాడు. కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చాడు. తిట్టాలని ఉంది. ఎవర్ని తిట్టాలి? ఏడాది పాటు తను వండిందంతా తిట్టుకుంటూ మింగిన మనిషి మొహంలో ఇంత వెలుగు అతనెప్పుడూ చూడలేదు. ఒక్క గిన్నెకైనా, ఒక్క చెంచాకైనా ఆ మొహం ఇలా వెలగలేదు.

"ఆ చేపల కంపేమిటి?" అంది ఆవిడ ముక్కు చిట్లించి. "ఇవాళ నాకేం వద్దు. కడుపు నిండిపోయింది."

దీపాలు పెట్టే వేళకి నొప్పి మొదలయింది. మొదట ఆవిడ పైకి చెప్పలేదు. దిండు పొట్టకి అదుముకుని గోడవైపు తిరిగింది. తర్వాత దిండు కొరికింది. సొనయ్య ఆవిణ్ణి రెండు చేతుల మీదా ఎత్తుకుని, వీధిలో ఆటో ఆపి, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. ఏడాది కింద ఇలాగే ఎత్తుకున్నప్పుడు ఎండుపుల్లల మోపులా ఉంది. ఇప్పుడు బరువుంది. ఆ బరువు తను పోసిందే. మెట్లెక్కుతుంటే ఆయాసంలో కూడా ఆ సంగతి తెలిసింది అతనికి.

డ్యూటీ డాక్టరు పొట్టమీద చెయ్యి వేసి, "ఏం తిన్నారు?" అని అడిగాడు.

"కేకండి. వెన్న, క్రీము. సగం దాకా."

డాక్టరు కళ్ళు మూసుకుని తెరిచాడు. సూది వేశారు. సెలైను పెట్టారు. సొనయ్య బావమరిదికి ఫోను చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేస్తే, అందుబాటులో లేరని వచ్చింది.

సూదిమందుకి నొప్పి కాస్త తగ్గాక, అత్తగారు కళ్ళు తెరిచి వేలితో పిలిచింది. అతను మంచం పక్కకి వంగాడు.

"వాడొస్తే చెప్పకు."

"ఏం చెప్పొద్దు?"

"కేకు సంగతి. దానివల్ల అని వాడికి తెలియకూడదు. వాడు సున్నితం. తట్టుకోలేడు. జన్మంతా కుమిలిపోతాడు." ఊపిరి తీసుకుంది. "నువ్వయితే..."

సొనయ్య ఆగాడు. ఇరవై ఏళ్ళ పైచిలుకు ఈ నోటినుంచి తన గురించి ఒక మాట కోసం ఎదురుచూశాడని అతనికి అప్పుడే తెలిసింది.

"నేనయితే?"

"నువ్వయితే మోస్తావు. నీకలవాటేగా."

అతను తలూపాడు. ఇంకేమైనా అంటుందేమోనని వంగే ఉన్నాడు. ఆవిడ ముక్కు చిట్లించింది.

"చేతులు కడుక్కునిరా. నీచు."

వసారా చివర కుళాయి ఉంది. చేపలు, గుడ్లు, రెండు వాసనలూ కలిసి ఉన్నాయి చేతులకి. సబ్బు లేదు. గోడ సున్నం గీకి రుద్దుకున్నాడు. చాలాసేపు రుద్దుకున్నాడు. తిరిగి వచ్చేసరికి ఆవిడ నిద్రలోకి జారిపోయింది. చేతులు ఆరబెట్టుకుంటూ స్టూలు మీద కూర్చున్నాడు. తెల్లవారుతుండగా నర్సు వచ్చింది, మణికట్టు పట్టి చూసింది, మళ్ళీ చూసింది, సెలైను గొట్టానికున్న చిన్న చక్రం తిప్పి కట్టేసింది. అంతే. సొనయ్య కళ్ళెదుటే జరిగింది, కాని ఎప్పుడు జరిగిందో అతనికి తెలియలేదు.

"ఇవి రాత్రి తీసిపెట్టాం," అని నర్సు కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి చేతిలో పెట్టింది. విప్పి చూడకుండానే జేబులో వేసుకున్నాడు.

బావమరిది ఎండెక్కాక వచ్చాడు. వెంట భార్య, ఆవిడ వెనకాల చనిపోయినావిడ చెల్లెలు. బావమరిది తల్లి కాళ్ళ దగ్గర కూలబడి, భుజాలు అదిరిపోయేలా ఏడ్చాడు. అది దొంగ ఏడుపు కాదు. సొనయ్యకి ఏడుపులు తెలుసు. చాలాసేపయ్యాక మొహం తుడుచుకుని లేచి, అందరూ వినేలా అడిగాడు.

"నిన్న నేనొచ్చినప్పుడు బాగానే ఉంది. నవ్వుతూ మాట్లాడింది. తర్వాత ఏం పెట్టావు బావా?"

ఆ మాటలు గట్టిగానే ఉన్నాయి. కళ్ళు మాత్రం వేరే మాట అడుగుతున్నాయి. చిన్నప్పుడు తప్పుచేసి తలుపు చాటున నిలబడ్డవాడి కళ్ళు అవి. కేకు గురించి ఆ కళ్ళకి తెలుసు. సొనయ్యకి తెలుసని కూడా తెలుసు. ఇప్పుడు ఈ మనిషి నోరు తెరుస్తాడా లేదా అన్నదొక్కటే తెలియదు.

భార్యా, పిన్నిగారూ ఇద్దరూ సొనయ్యవైపే చూస్తున్నారు.

"గుడ్డు పెట్టాను," అన్నాడు సొనయ్య.

"గుడ్డంటే? తెల్లదేగా?"

"తెల్లదే. కాని..." ఏ మాటైనా తేలిగ్గా వచ్చేదేమో, ఈ మాట మాత్రం పళ్ళ సందున ఇరుక్కుంది. "పచ్చసొన కలిసిపోయింది. చూసుకోలేదు. నా పొరపాటే."

బావమరిది ఛాతీలోంచి ఊపిరి బయటికి రావడం సొనయ్యకి వినిపించింది. భుజాలు దిగాయి. ఒక్క క్షణం కృతజ్ఞతలాంటిది ఏదో ఆ మొహంలో కదిలింది. మరుక్షణం అది కూడా పోయింది. చేతికి అందినదాన్ని అతను గట్టిగా పట్టుకున్నాడు.

"అదేంటి బావా! రోజంతా చేసే పని అదేగా! అమ్మ దగ్గరకొచ్చేసరికి అంత అజాగ్రత్తా?"

"పోనీలెండి," అంది భార్య.

"ఏం పోనీలే?" అంది పిన్నిగారు ముక్కు చీదుకుంటూ. "మా అక్క అప్పుడే అంది, ఇతని చేతి తిండి ఒంటబట్టదని. పొద్దస్తమానం గుడ్లు, గుడ్లు! ఆఖరికి గుడ్లతోనే చంపాడు మహానుభావుడు."

సొనయ్య తల వంచుకుని నిలబడ్డాడు. పక్కమంచం మనిషి కూడా లేచి కూర్చుని చూస్తున్నాడు. రాత్రి డ్యూటీ డాక్టరు వెళ్ళిపోయాడు. కేకు అన్న మాట విన్నవాళ్ళు ఇక అక్కడ ఎవరూ లేరు.

జరగాల్సినవన్నీ కొడుకే దగ్గరుండి జరిపించాడు. లోటు లేకుండా జరిపించాడని అందరూ అనుకున్నారు. సొనయ్య వెనక వరసలో నడిచాడు. ముందుకు రమ్మని ఎవరూ అనలేదు. శ్మశానం బయటికొచ్చాక బావమరిది దగ్గరికి వచ్చి, ఎటో చూస్తూ, "అమ్మ సామాను రేపొచ్చి తీసుకెళ్తాను బావా. పెట్టె, పళ్ళసెట్టు, ఏమేం ఉంటే అవి. జ్ఞాపకంగా ఉంచుకుంటాను," అన్నాడు. ఇంకేదో అనబోయి, సొనయ్య భుజం మీద చెయ్యి వేసి, తీసేసి, కారెక్కాడు.

ఇంటికి వచ్చాడు. చేపల పొట్లం వాసనేస్తోంది. తీసుకెళ్ళి వీధి చివర పారేశాడు. మిగిలిన కేకునీ, అట్టపెట్టెనీ కూడా పారేశాడు. మంచం దులిపాడు. చొక్కా విప్పుతుంటే జేబులో పొట్లం తగిలింది.

కాగితం విప్పాడు. పైవరస, కిందవరస. చిగుళ్ళ రంగు ప్లాస్టిక్కు కాస్త మాసింది. పళ్ళ సందుల్లో గులాబీరంగు క్రీము ఎండి గట్టిపడింది. అంగిలి పలకకి పసుపుపచ్చటి కేకు పొడి అతుక్కుని ఉంది.

సొనయ్య వాటిని చాలాసేపు చూశాడు. రేపు వచ్చేవాడి చేతిలో ఇలాగే పెడితే, ఒక్క మాట కూడా అనక్కర్లేదు. కాగితంతో సహా ఇస్తే చాలు.

వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు వేడిపెట్టాడు. పళ్ళని గిన్నెలో నానేసి, తన బ్రష్షు తీసుకుని, దీపం కిందకి వంగి, ఒక్కొక్క సందునీ తోమాడు. లోపలి మూలల్లో ఇరుక్కున్నదాన్ని గోటితో, గోరు అందనిచోట అగ్గిపుల్లతో తీశాడు. నీళ్ళు మార్చాడు. మళ్ళీ తోమాడు. వెలుతురుకెత్తి ఇటూ అటూ తిప్పి, ఎక్కడా ఏ నలుసూ లేదని చూసుకున్నాడు.

తెల్లటి పళ్ళసెట్టు, బోర్లించిన పళ్ళెం మీద, చుక్కచుక్కగా నీరోడుతూ ఆరుతోంది.